న్యూట్రల్ జయరామప్ప

జయరామప్ప ఎడమకాలికి పని పోయింది. జీవితమంతా క్లచ్చి తొక్కిన కాలు, కొత్త బండిలో తొక్కడానికేమీ దొరక్క తెగిన బల్లితోకలా కొట్టుకుంటోంది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండ్లు నిలిచిపోయినప్పుడల్లా అది తనంతట తానే లేచి, గాలిని తొక్కి, మళ్ళీ కింద పడుతుంది. వెనక సీట్లోంచి సత్యభామ ఒకరోజు అది చూసింది.

"కాలు నొప్పా, జయరామప్ప గారూ?"

"లేదమ్మా. ఖాళీగా ఉండాది, అంతే."

సత్యభామది గుంటూరు. హొసకోటెలో ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగానికి పెద్ద. భర్త అచ్యుత్ ఇంట్లో కూర్చునే కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటాడు. కూడ్లు గేటు దగ్గర అపార్టుమెంటులో ఇద్దరే ఉంటారు. ఆమెను పొద్దున హొసకోటెకు తీసుకెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే కాచుకుని, మళ్ళీ ఇంటికి చేర్చడం జయరామప్ప కొలువు. పాత డీజిలు కారు ఉన్నన్నాళ్ళూ ఆ దారికి ఆయనే మహారాజు. ఆ కారుకు ఆయన తెప్పించిన మైలేజి చెబితే తోటి డ్రైవర్లు నవ్వి, "కోతలు కోయడానికీ ఒక హద్దుండాల అప్పా" అనేవాళ్ళు. కోతలు కావు. కావాలంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు.

ఆ విద్య ఎక్కడిదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. జయరామప్ప వాళ్ళు తాతల నాటి నుంచీ ఈ కన్నడ నేల మీది తెలుగువాళ్ళే. తండ్రి ఆనేకల్‌లో పట్టుమగ్గం మీద కూర్చున్నాడు. కొడుక్కి మగ్గం అబ్బలేదు, స్టీరింగు అబ్బింది. ఆనేకల్ చీరలు చిక్కపేట బజారుకు మోసే టెంపో మీద చేరాడు. దాని యజమాని శ్రీనివాసప్ప ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. మొదటి రోజే పక్కన కూర్చుని, "దిగుట్లో గాడి దాని పాటికదే పోతాది కదరా. మళ్ళా దానికి డీజిలు తాపేదెందుకు?" అన్నాడు. అంతే, కుర్రవాడికి అది గురూపదేశమైపోయింది.

అప్పటి నుంచి వాలు కనిపిస్తే న్యూట్రల్. దూరాన ఎర్రదీపం కనిపిస్తే న్యూట్రల్. ఫ్లైఓవరు నడినెత్తి దాటిందా, చెయ్యి గేరు మీదికి పోయి దాన్ని తప్పించేసేది. ఇంజను గొణుగుడు సన్నగిల్లి బండి తనంతట తాను జారుతుంటే ఆయనకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. అలా చేయకూడదు, బ్రేకులకు మంచిది కాదు అని చెప్పినవాళ్ళు లేకపోలేదు. చెవిన వేసుకుంటే కదా. బొమ్మనహళ్ళి స్టాండులో ఆయన పేరుకు ముందు 'న్యూట్రల్' తగిలించారు. దానికి కోప్పడడం మాట అటుంచి, ఎవరైనా వట్టి జయరామప్ప అంటే ఆయనకు ఏదో తక్కువైనట్టుండేది.

అలాంటి మనిషి చేతికి హైబ్రిడ్ కారు వచ్చి పడింది. డీజిలుకు రోజులు చెల్లాయనీ, ఈ ఊరి నత్తనడక ట్రాఫిక్కుకు హైబ్రిడ్డే మేలనీ అచ్యుత్ వీడియోల మీద వీడియోలు చూసి తేల్చాడు. పెట్రోలు ఇంజనూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉండే బండి అది. ఏది ఎప్పుడు పని చేయాలో బండే చూసుకుంటుంది. క్లచ్చి లేదు. గేర్లు లేవు. ముందుకు పోవడానికి డి, వెనక్కి ఆర్, మధ్యలో ఎన్. ఆ 'ఎన్' అక్షరం చూడగానే జయరామప్ప ప్రాణం లేచివచ్చింది. పరాయి ఊళ్ళో తన కులపోడు కనిపించినట్టయింది.

మిగతాదంతా ఆయనకు పడలేదు. బటన్ నొక్కితే చప్పుడుండదు. కదిలితే చప్పుడుండదు. సిగ్నల్లో నిలబడితే ఇంజను ఆగిపోతుంది, ఈయన గుండె జారిపోతుంది. బండిని చెవితో తోలడం అలవాటైన మనిషి కదా, ఆ నిశ్శబ్దంలో ముళ్ళమీద కూర్చున్నట్టుండేది. ట్రాఫిక్కులో చిక్కుకున్నప్పుడు న్యూట్రల్ వేసుకుని కూర్చుంటే కాసేపటికి బండి కీచుమనేది, తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చేది. జయరామప్ప కన్నడం గడగడా చదువుతాడు గాని ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. సగం కూడబలుక్కునేలోపు ముందు బండి కదిలేది, ఈయన డి వేసేవాడు, ఆ రాత పోయేది. పోయినదాని గొడవ మనకెందుకని ఊరుకున్నాడు. ఎవరినైనా అడగవచ్చు. మైలేజికి పేరుమోసినవాడు, బండి నన్ను తిడుతోంది, ఏమంటోందో చెప్పండి అని ఎవరినని అడుగుతాడు?

తంటా ఆయన దొడ్డమ్మ, అంటే పెద్దమ్మ, పోయినప్పుడు మొదలైంది. కర్మకాండలకని జయరామప్ప సెలవు పెట్టి ఆనేకల్ వెళ్ళాడు. ఆ రోజుల్లో భార్యను అచ్యుతే దించి తెచ్చాడు. జయరామప్ప చేతిలో ఎప్పుడో ఎండిపోవాల్సిన ట్యాంకు అచ్యుత్ చేతిలో ఇంకా మిగిలే ఉంది. లీటరుకు ఇరవై రెండు వచ్చిందని అచ్యుత్ మురిసిపోయాడు. ఆ తర్వాత అనుమానం వచ్చింది. మరి ఇన్నాళ్ళూ పదహారు దాటలేదేం?

జయరామప్ప తిరిగి వచ్చిన ఆదివారం, బండి తుడుస్తుంటే అచ్యుత్ కిందికి దిగి వచ్చాడు.

"జయరామప్ప గారూ, రోజూ పొద్దున్నే ఆ మీటర్ జీరో ఎందుకు చేస్తున్నారు? యావరేజ్ అంతా పోతోంది కదా."

"అలవాటు సార్. ఏ రోజుది ఆ రోజు చూసుకుంటా."

"బంకులో మీటరు చూసే కొట్టిస్తున్నారా?"

"చూసే సార్."

"ఓకే, ఓకే. ఊరికే అడిగా."

ఊరికే అడిగే మాటలు ఎలా ఉంటాయో జయరామప్పకు తెలియదా? అంతకు ముందు నెలే, అదే అపార్టుమెంటులో ఒక డ్రైవరు బంకులో తక్కువ పోయించుకుని ఎక్కువకు బిల్లు రాయించుకుంటూ దొరికిపోయాడు. అందరి ఫోన్లలోకీ ఆ కబురు ఎక్కింది. ఆ మర్నాడు సత్యభామ బండి ఎక్కుతూ, ఎటో చూస్తూ, "ఇకనుంచి పెట్రోల్ నేనే కొట్టిస్తాలెండి. కార్డ్ నా దగ్గరే ఉంచుతాను. మీకెందుకు శ్రమ," అంది. జయరామప్ప జేబులోంచి వాళ్ళిచ్చిన పెట్రోలు కార్డు తీసి ఇచ్చాడు. నోరు ఎండిపోయింది. మహాదేవపుర దాటేదాకా మింగడానికి ఉమ్మి రాలేదు.

ఇంటికి పోయి పళ్ళెం ముందు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. భార్య కెంపమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్సులో కుట్టుమిషను పని చేస్తుంది. పొద్దంతా కూర్చుని వచ్చిన ఆమెకు ఈయన లేచి కూర్చోవడం చూస్తేనే అలుపొచ్చింది.

"ఏమయింది చెప్పి తిను, లేకపోతే తిని చెప్పు," అంది.

చెప్పాడు.

"నేను పెట్రోలు తినలేదు అని నేరుగా పోయి చెప్పు ఆయమ్మకి."

"అడగలేదు కదే వాళ్ళు. అడగకముందే నేను దొంగ కాదంటే ఏమనుకుంటారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. ఊరుకుంటేనేమో తాటిచెట్టు కింద పాలు తాగినవాడి సంగతి. ఏ పక్కకు దొర్లినా ముల్లే. ఆ రోజు నుంచి జయరామప్పకు తిండి సయించలేదు. హొసకోటెలో కంపెనీ గేటు బయట, మిగతా డ్రైవర్లు రేకుల నీడన పేకాడుతుంటే ఆయన బండి చుట్టూ తిరిగేవాడు. కింద దూరి ట్యాంకు కారుతోందేమో చూసేవాడు. టైర్లలో గాలి చూసేవాడు. ఏసీ వేసుకుని పడుకుంటున్నానని కూడా అనుకుంటారేమోనని మండుటెండలోనూ లోపల కూర్చోవడం మానేశాడు.

అక్కడే ఫర్హానా అని ఒకామె కాచుకుని ఉండేది. హిందూపురం మనిషి. అదే రకం హైబ్రిడ్ బండి అప్పు మీద కొని, కంపెనీకి వచ్చిపోయే పెద్దవాళ్ళను విమానాశ్రయానికి తిప్పుతుంది. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు సత్యభామ ఒక పార్సెలు ఇచ్చి, ఊళ్ళో కొరియరులో వేసి రమ్మంది. జయరామప్ప ఇటూ అటూ చూసి, సిగ్గు చంపుకుని, ఫర్హానాను పిలిచాడు.

"అమ్మణ్ణీ, కూడా రా ఒకసారి. ఈ గాడి నన్ను ఏమో బైస్తా, తిడతా ఉండాది. ఏమంటాదో చూసి చెప్పు."

ఆమె పక్కన ఎక్కింది. టోలు దాటాక రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది. జయరామప్ప చెయ్యి దానంతటదే పోయి న్యూట్రల్ వేసింది. ఫర్హానా ఆ చేతి వంక చూసింది. తెర వంక చూసింది.

"అన్నా, ఏం చేస్తివి ఇప్పుడు?"

"ఏం చేస్తిని? దిగుడు కదా."

"దిగుడైతే?"

"న్యూట్రల్."

ఫర్హానాకు నవ్వు ఆగలేదు. డ్యాష్‌బోర్డు మీద తల పెట్టుకుని నవ్వింది. జయరామప్పకు చెవులు వేడెక్కాయి. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"అన్నా, ఇది డీజిలు బండి కాదన్నా. దిగుట్లో డి లోనే వదిలేసి కాలు తీసేయాల. అప్పుడు ఆ చక్రాలు తిరిగేదాంతోనే లోపల కరెంటు పుడతాది, బ్యాటరీకి పోతాది. బ్రేకు నిదానంగా తొక్కినా పుడతాది. నువ్వు న్యూట్రల్ ఏస్తే చక్రాలకూ మోటారుకూ తెగిపోతాది. ఇంగ యాడిది కరెంటు? ఆ బ్యాటరీ నింపేకి మళ్ళా పెట్రోలు కాలుస్తాది. జామ్‌లో నిలబడి గూడా ఎన్ ఏస్తావా?"

"ఏస్తా."

"అందుకే అరుస్తాది. బ్యాటరీ అయిపోతా ఉంది, ఎన్ తీయరా సామీ అని."

డి వేసి చూపించమంది. చూపించాడు. తెర మీద చక్రాల నుంచి బ్యాటరీలోకి పచ్చగా బాణాలు పోయాయి. న్యూట్రల్ వేయమంది. బాణాలు మాయమయ్యాయి. మళ్ళీ డి, మళ్ళీ బాణాలు. జయరామప్ప బండి పక్కకు ఆపేశాడు. తనకు అన్నం పెట్టిన విద్య అది. దాన్ని చూసి ఒక ఆడపిల్ల పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ కోపం కింద మెల్లగా ఇంకొకటి తల ఎత్తింది. కారణం దొరికింది కదా. పెట్రోలు ఎక్కడికి పోతోందో తెలిసింది కదా. ఇక మైలేజి పెరుగుతుంది, పెరిగితే ఆ అమ్మే చూస్తుంది, నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. న్యూట్రల్ పుట్టుకతో వచ్చింది కాదు గనక కొంచెం ముందే పోయింది. ప్రతి ఫ్లైఓవరు మీదా చెయ్యి దురద పెట్టేది. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. అలా పోరాడి పోరాడి మైలేజి పెంచాడు. సత్యభామ తనే బంకుకు వచ్చి, తనే నింపించి, తనే లెక్క చూసుకునేది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఆ అంకె చూసినప్పుడల్లా జయరామప్పకు రొమ్ము విచ్చుకునేది. ఈవాళో రేపో ఆమె ఒక మాట అంటుంది. ఆ మాట కోసం చెవులు నిక్కబొడుచుకుని తోలాడు.

ఆ మాట ఒక శుక్రవారం సాయంత్రం, మారతహళ్ళిలో బండ్లు కదలక నిలిచినప్పుడు వచ్చింది.

"జయరామప్ప గారూ, ఒక మాట చెప్పాలి."

"చెప్పండమ్మా," అన్నాడు, నవ్వును మీసం కింద దాచుకుంటూ.

"మైలేజ్ ఇప్పుడు కరెక్ట్‌గా వస్తోంది. కార్డ్ నేను తీసుకున్న దగ్గర్నుంచీ. అచ్యుత్ కొంచెం అప్‌సెట్ అయ్యాడు గాని నేనే సర్దిచెప్పాను. మనిషన్నాక అవసరాలుంటాయి. అయిందేదో అయిపోయింది. నాకు మీ మీద ఏ కోపమూ లేదు. మనసులో పెట్టుకోకండి."

జయరామప్పకు మొదట అర్థం కాలేదు. మెచ్చుకోలు ఎక్కడుందా అని ఆ మాటల్లో వెతుక్కున్నాడు. వెనక బండి హారను కొట్టింది, ఆ తర్వాత దాని వెనకదీ కొట్టింది. అప్పటికి అర్థమైంది. కార్డు తీసుకున్నారు, దొంగతనం ఆగింది, మైలేజి పెరిగింది. వాళ్ళ లెక్కలో తప్పేముంది? కార్డు పోయిన వారమే ఫర్హానా నవ్వి చావాలా? తోలడం మార్చుకోకుండా మూర్ఖుడిలా పాత రకంగానే తోలుతూ ఉంటే, కార్డు వాళ్ళ చేతిలో ఉండగానే ఆ పదహారే వచ్చేది, ఈయన నిర్దోషి అని ఆ పదహారే చెప్పేది. బాగుపడి దొంగయ్యాడు.

"అట్ల కాదమ్మా," అని మొదలుపెట్టాడు. న్యూట్రల్ గురించి చెప్పాడు. దిగుడు, చక్రాలు, కరెంటు, ఫర్హానా, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతూ చెప్పాడు. ఆమె అద్దంలో ఆయన కళ్ళ వంకే చూస్తూ, చిన్నపిల్లవాడు పలక ఎలా పగిలిందో చెబుతుంటే పెద్దవాళ్ళు విన్నట్టు ఓపిగ్గా వింది.

"సరే లెండి. ఇంక వదిలేయండి ఆ టాపిక్," అంది మెత్తగా.

ఆ మెత్తదనమే ఆయన్ను కాల్చింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. పని మానిపించి ఉంటే నాలుగు మాటలని పోయేవాడు. చేయని తప్పుకు క్షమించేశాక ఇక మనిషి ఎక్కడ నిలబడాలి?

ఇంటి దగ్గర కెంపమ్మ అంతా విని, "పోనీలే అనింది కదా, పోనీ. పని ఉండాది కదా," అంది.

"ఊరుకుంటే ఒప్పుకున్నట్లే కదే."

"ఊరుకోక ఏం చేస్తావు? అంత రోషముంటే పో, మళ్ళా పాత రకంగా తోలి పెట్రోలు పాడు చేసి చూపీ," అని విసుక్కుని ఆమె గిన్నెలు కడుక్కోవడానికి పోయింది.

కెంపమ్మ దాన్ని ఎత్తిపొడుపుగానే అంది. జయరామప్ప మాత్రం పెరట్లోకి పోయి, ముందుకీ వెనక్కీ తిరిగి, ఆ మాటనే నములుతూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున సత్యభామ కోసం తలుపు తీసి పట్టుకుని, బండి ఎక్కనీయకుండానే అడిగాడు.

"అమ్మా, ఒక్క ట్యాంకు నన్ను పాత రకంగా తోలనీండి. పెట్రోలు మీరే పోయించండి. మీటరు మీరే సున్నా చేయండి, నేను దాన్ని ముట్టను. తక్కువ వస్తే నేను చెప్పింది నిజం. రాకుంటే నేను దొంగ, ఆ పొద్దే తాళం ఇచ్చేసి పోతా."

"ఎందుకండీ ఇదంతా? నేనెప్పుడో మర్చిపోయాను."

"మీరు మర్చిపోయినారమ్మా. నేను మర్చిపోలేదు."

ఆమె కొంచెంసేపు ఆయన్ను చూసింది. తర్వాత ఆ తలుపు మూసేసి, చుట్టూ తిరిగి వచ్చి, మొదటిసారి ముందు సీట్లో కూర్చుంది. దారిలో ట్యాంకు నింపించింది. మీటరు తన వేలితోనే సున్నా చేసింది.

ఆ ట్యాంకు జయరామప్ప బతుకులో అన్నిటికంటే పొడుగైన ట్యాంకు. చుక్క డీజిలు ఒలికితే మట్టి వంక దిగులుగా చూసిన మనిషి, ఎవరి పెట్రోలో తెలిసి తెలిసి తగలబెట్టాలి. ఫ్లైఓవరు నెత్తి మీద న్యూట్రల్. సిగ్నల్ దగ్గర న్యూట్రల్. జామ్‌లో న్యూట్రల్, బండి కీచుమని అరిచినా న్యూట్రల్. ఇన్నేళ్ళూ హాయిగా చేసిన పని ఇప్పుడు చేస్తుంటే వండిన అన్నం చేజేతులా మోరీ కాలువలో పారబోస్తున్నట్టుంది. సత్యభామ మొదట్లో ఫోను చూసుకుంటూ కూర్చుంది. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టి తెర చూడసాగింది. ఇరవై దాటి మొదలైన అంకె పందొమ్మిదికి దిగింది. పద్ధెనిమిదికి దిగింది. బాణాలు కనిపించని ప్రతి వాలులోనూ ఆమె ఆయన చేతి వంక చూసేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పెట్రోలు కాలిపోవడం చూశారు.

పెట్రోలు అయిపోవచ్చిందని తెర మీద బంకు బొమ్మ దీపం వెలిగే వేళకు వాళ్ళు హొసకోటె నుంచి వస్తూ కృష్ణరాజపురం హ్యాంగింగ్ బ్రిడ్జి ఎక్కుతున్నారు. తెర మీద పదహారు ఉంది. మొదటి నుంచీ వాళ్ళింట్లో రచ్చ చేసిన ఆ పదహారే. బ్రిడ్జి మధ్యకు చేరగానే జయరామప్ప న్యూట్రల్ వేశాడు.

సత్యభామ గొంతు సరిచేసుకుంది. "చాలండీ. డి వేయండి."

ఆయన వేయలేదు.

"నాకు అర్థమైంది, జయరామప్ప గారూ. తప్పు మాట అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది." ఆమె గేరు వంక చూసింది. "ఇంక డి వేయండి, ప్లీజ్."

ఆ మాట విన్నాక తేలికవుతుందనుకున్నాడు. తేలిక కాలేదు. కళ్ళు మాత్రం మసకబారాయి, ముందు బండి ఎర్రదీపాలు రెండు నాలుగుగా కనిపించాయి. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"సారు గూడా చూడాల కదమ్మా. ఇంటిదాకా ఇట్లనే పోనీండి."

సత్యభామ మళ్ళీ అడగలేదు. బండి ఆ దిగుడంతా ఉత్తపుణ్యానికే దిగింది.